పిప్ ఇన్‌స్టాల్ మధ్యలో హెడర్ ఫైల్ లేదని ఆగిపోతే: ఎర్రర్ చదవడం నుంచి బిల్డ్ పూర్తయ్యే దాకా

పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు దించి వేసే టూల్) ఏదైనా ప్యాకేజీ వేస్తుంటే తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చి, చివర్లో "ఫెయిల్డ్ బిల్డింగ్ వీల్" అని ఒక లైను కనిపిస్తుంది. చాలామంది ఆ చివరి లైనునే కాపీ చేసి నెట్‌లో వెతుకుతారు. మొదట దొరికిన కమాండ్ వేసేస్తారు. ఓ పది ప్యాకేజీలు దిగుతాయి, ఎర్రర్ మాత్రం కదలదు.

అసలు కారణం ఆ లైనుకు బాగా పైన, దొరకని ఒక్క హెడర్ ఫైలు (లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో కంపైలర్‌కు చెప్పే ఫైలు) పేరుగా ఉంటుంది. ఆ పేరు పట్టుకున్నాకే ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ వరుసలోనే నడుస్తుంది.

ఒక సూచన: కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికే తీరులో తెలుగులో ఉన్నాయి. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టండి. అంకెలు, చుక్కలు, గీతలు ఉన్నవి ఉన్నట్టే వేయాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్పాను. ఉదాహరణలు ఎక్కువగా ఉబుంటు, డెబియన్‌లవి. మిగతా సిస్టమ్‌ల సంగతి 8, 9 భాగాల్లో ఉంది.

## 1. మొదలుపెట్టే ముందు

ఈ వివరాలు ఒక చోట రాసిపెట్టుకోండి. తర్వాతి అడుగులన్నిటికీ ఇవే ఆధారం.

- పైథాన్ వెర్షన్: `పైథాన్ --వెర్షన్`
- పిప్ ఏ పైథాన్‌కు చెందింది: `పైథాన్ -ఎం పిప్ --వెర్షన్`. వచ్చే లైను చివర బ్రాకెట్లలో పైథాన్ వెర్షన్ ఉంటుంది. అది పై దానితో కలవాలి.
- ఆపరేటింగ్ సిస్టమ్: `క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్`
- ప్రాసెసర్ రకం: `యూనేమ్ -ఎం`
- వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టు కోసం విడిగా చేసుకున్న పైథాన్ ఫోల్డర్) ఆన్‌లో ఉందా?
- సుడో (అడ్మిన్‌గా కమాండ్ నడిపేది) వాడే హక్కు మీకు ఉందా? ఆఫీసు సర్వర్లోనో కాలేజీ ల్యాబ్‌లోనో లేకపోతే 3వ భాగమే మీకు ముఖ్యం.

తర్వాత ఎర్రర్‌ను ఫైల్లోకి తీసుకోండి. తెర మీద పైకీ కిందకీ తిప్పుతూ చదివితే కళ్లు నొప్పి తప్ప లాభం లేదు.

`పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ -వీ ప్యాకేజీ-పేరు 2>&1 | టీ లాగ్.టీఎక్స్‌టీ`

సుడోతో పిప్ నడపకండి. హెడర్ లేని ఎర్రర్ దానితో పోదు. పైగా సిస్టమ్ వాడుకునే పైథాన్‌లో అనవసర మార్పులు జరుగుతాయి. సుడో ఆప్ట్‌కు (ఇంగ్లిష్‌లో ఏ-పీ-టీ; ఉబుంటు, డెబియన్‌ల ప్యాకేజీ టూల్) మాత్రమే.

## 2. లాగ్‌లో ఏ లైను చదవాలి

`గ్రెప్ -ఎన్ -ఐ "ఫేటల్ ఎర్రర్" లాగ్.టీఎక్స్‌టీ`

వచ్చిన వాటిలో మొదటిదే చూడండి. అందులో ఇలాంటి మాట ఉంటుంది: "ఫేటల్ ఎర్రర్: పైథాన్.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". మ్యాక్‌లో క్లాంగ్ కంపైలర్ అదే విషయాన్ని "ఫైల్ నాట్ ఫౌండ్" అంటుంది. విండోస్‌లో సీ1083 అనే నంబరుతో "కెనాట్ ఓపెన్ ఇన్‌క్లూడ్ ఫైల్" అని వస్తుంది.

కొన్ని ప్యాకేజీలు హెడర్ పేరు చెప్పకుండానే ఆగిపోతాయి. ఇబ్బంది మాత్రం అదే.

- సైకోపీజీ2: "పీజీ_కాన్ఫిగ్ ఎగ్జిక్యూటబుల్ నాట్ ఫౌండ్"
- మైఎస్‌క్యూఎల్‌క్లయింట్: పీకేజీ-కాన్ఫిగ్ పేరు దొరకలేదంటుంది
- పిల్లో: జేపెగ్ లేదా జెడ్‌లిబ్ హెడర్లు కనబడలేదంటుంది
- పైకర్ల్: కర్ల్-కాన్ఫిగ్ నడపలేకపోయానంటుంది

జీసీసీ పేరున్న లైను దగ్గర కాస్త ఆగండి. జీసీసీ అనే ఫైలే లేదంటే కంపైలర్ ఇంకా వేయలేదని అర్థం. జీసీసీ "ఎగ్జిట్ కోడ్ 1"తో ఫెయిలైందంటే కంపైలర్ ఉంది, దానికి కావాల్సింది దొరకలేదు. ఈ రెండో సందర్భంలో కంపైలర్‌ను మళ్లీ వేసి లాభం లేదు, లాగ్‌లో ఇంకా పైకి వెళ్లాలి.

తప్పు సబ్‌ప్రాసెస్‌లో (తాను పిలిచిన వేరే ప్రోగ్రామ్‌లో) ఉందని, బహుశా తనది కాదని పిప్ కూడా చెబుతుంది. అది సాకు కాదు, చాలాసార్లు నిజమే.

## 3. అసలు కంపైల్ చేయాలా?

ఈ ప్రశ్న వేసుకోకుండా హెడర్ల వేటలో పడేవాళ్లే ఎక్కువ. చాలా ప్యాకేజీలకు ముందే కంపైల్ చేసిన వీల్ ఫైళ్లు పైపీఐలో (పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే సైట్) ఉంటాయి. వీల్ దొరికితే హెడర్లూ వద్దు, కంపైలరూ వద్దు. మీ సిస్టమ్‌కు సరిపడే వీల్ దొరకనప్పుడే పిప్ సోర్స్ కోడ్ తెచ్చుకుని బిల్డ్ మొదలుపెడుతుంది.

వీల్ ఎందుకు దొరకదంటే:

- పిప్ పాతది. కొత్త రకం మెనీలినక్స్ వీల్స్‌ను (చాలా లినక్స్‌లలో పనిచేసేలా కట్టినవి) అది గుర్తుపట్టలేదు.
- పైథాన్ మరీ కొత్తది. ఆ వెర్షన్‌కు ప్యాకేజీ వాళ్లు ఇంకా వీల్ పెట్టలేదు.
- ఆల్పైన్ లినక్స్. అక్కడ జీలిబ్‌సీ (మామూలు లినక్స్‌ల మూల సీ లైబ్రరీ) బదులు మజిల్ ఉంటుంది కాబట్టి మజిల్‌లినక్స్ వీలే కావాలి.
- 32 బిట్ ఆర్మ్ ప్రాసెసర్.
- ఆ ప్యాకేజీ లినక్స్‌కు వీల్ ఇవ్వదు. సైకోపీజీ2, మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ ఈ కోవలోవే.

ముందు పిప్‌ను కొత్తది చేయండి:

`పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --అప్‌గ్రేడ్ పిప్`

తర్వాత వీల్ మాత్రమే కావాలని అడగండి:

`పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --ఓన్లీ-బైనరీ=:ఆల్: ప్యాకేజీ-పేరు`

ఇది పనిచేస్తే మీ పని అయిపోయినట్టే. కానీ ఏ వెర్షన్ దిగిందో చూడండి. కొత్త వెర్షన్‌కు వీల్ లేకపోతే పిప్ చడీచప్పుడు లేకుండా పాత వెర్షన్ వేసేయగలదు. "నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్" అని వస్తే మీకు సరిపడే వీల్ లేదన్నమాట.

అప్పుడు కూడా ప్రత్యామ్నాయాలు ఉండవచ్చు. సైకోపీజీ2 బదులు సైకోపీజీ2-బైనరీ వేసుకోవచ్చు. నేర్చుకోవడానికి, టెస్టింగ్‌కు అది హాయిగా సరిపోతుంది, ప్రొడక్షన్‌కు సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోమని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ బదులు పూర్తిగా పైథాన్‌లోనే రాసిన పైమైఎస్‌క్యూఎల్ ఉంది. సుడో లేనివాళ్లకు కాండా (విడిగా పనిచేసే ఇంకో ప్యాకేజీ టూల్) మంచి దారి: కంపైలర్, లైబ్రరీలు, హెడర్లు అన్నీ హోమ్ ఫోల్డర్లోనే దిగుతాయి.

ఇవేవీ కుదరకపోతేనే కింది భాగానికి రండి.

## 4. పునాది: కంపైలర్, పైథాన్ హెడర్లు

`సుడో ఆప్ట్ అప్‌డేట్`
`సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ పైథాన్3-డెవ్ పీకేజీ-కాన్ఫిగ్`

ప్రోగ్రామ్ నడవడానికి లైబ్రరీ ఫైలు ఒక్కటే చాలు. ఆ లైబ్రరీని పిలిచే కొత్త కోడ్ కంపైల్ చేయాలంటే అందులో ఏ ఫంక్షన్లున్నాయో చెప్పే హెడర్లు కావాలి. ఉబుంటు, డెబియన్ ఈ రెండింటినీ వేర్వేరు ప్యాకేజీలుగా ఇస్తాయి. హెడర్లున్న దాని పేరు చివర "-డెవ్" ఉంటుంది. "పోస్ట్‌గ్రెస్ నా మెషీన్‌లో నడుస్తూనే ఉంది కదా, హెడర్ లేదంటాడేంటి?" అనే ప్రశ్నకు జవాబు ఇదే.

ఎక్కువమంది తడబడే చోటు. పైథాన్3-డెవ్ అనేది ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన పైథాన్‌కే హెడర్లు ఇస్తుంది. ఉబుంటు 22.04లో అది 3.10, ఉబుంటు 24.04లో 3.12, డెబియన్ 12లో 3.11. మీరు ఉబుంటు 22.04 మీద వేరే రిపాజిటరీ నుంచి 3.12 తెచ్చుకుని దానితో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుంటే, పైథాన్3-డెవ్ ఎన్నిసార్లు వేసినా పైథాన్.హెచ్ దొరకదు. పైథాన్3.12-డెవ్ కావాలి.

అనుమానం తీర్చుకోవడానికి, ఎన్విరాన్‌మెంట్ ఆన్‌లో ఉంచి:

`పైథాన్ -సీ "ఇంపోర్ట్ సిస్‌కాన్ఫిగ్; ప్రింట్(సిస్‌కాన్ఫిగ్.గెట్_పాత్('ఇన్‌క్లూడ్'))"`

వచ్చిన ఫోల్డర్‌ను ఎల్ఎస్ కమాండ్‌తో చూడండి. పైథాన్.హెచ్ ఉండాలి (మొదటి అక్షరం పెద్దది). లేకపోతే ఆ ఫోల్డర్ పేరులోనే ఏ వెర్షన్ డెవ్ ప్యాకేజీ కావాలో ఉంటుంది.

పైఎన్వ్‌తో (వేర్వేరు పైథాన్ వెర్షన్లు వేసే టూల్) గానీ కాండాతో గానీ వేసిన పైథాన్‌కు హెడర్లు దానితోనే వస్తాయి. వాటికి ఆప్ట్ నుంచి పైథాన్3-డెవ్ అక్కర్లేదు.

ఎస్‌టీడీఐఓ.హెచ్ కూడా లేదంటే బిల్డ్-ఎసెన్షియల్ పూర్తిగా దిగలేదని అర్థం.

## 5. ఫైలు పేరు నుంచి ప్యాకేజీ పేరుకు

తరచుగా ఎదురయ్యేవి ఇవి. ఎడమవైపు లాగ్‌లో కనిపించేది, కుడివైపు ఆప్ట్‌తో వేయాల్సింది.

- ఎఫ్ఎఫ్ఐ.హెచ్ → లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవ్
- ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఫోల్డర్లోని ఏ హెడరైనా → లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్
- లిబ్‌ఎక్స్ఎంఎల్/ఎక్స్ఎంఎల్‌వెర్షన్.హెచ్ → లిబ్‌ఎక్స్ఎంఎల్2-డెవ్, లిబ్‌ఎక్స్ఎస్ఎల్‌టీ1-డెవ్ రెండూ
- పీజీ_కాన్ఫిగ్, లిబ్‌పీక్యూ-ఎఫ్ఈ.హెచ్ → లిబ్‌పీక్యూ-డెవ్
- మైఎస్‌క్యూఎల్.హెచ్ → డిఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్
- జేపెగ్, జెడ్‌లిబ్ → లిబ్‌జేపెగ్-డెవ్, జెడ్‌లిబ్1జీ-డెవ్
- ఎస్‌క్యూఎల్.హెచ్ → యూనిక్స్ఓడీబీసీ-డెవ్
- పోర్ట్‌ఆడియో.హెచ్ → పోర్ట్‌ఆడియో19-డెవ్
- కైరో.హెచ్ → లిబ్‌కైరో2-డెవ్
- కర్ల్-కాన్ఫిగ్ → లిబ్‌కర్ల్4-ఓపెన్‌ఎస్ఎస్ఎల్-డెవ్

క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ వేరే కథ. 2021లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి దాన్ని సోర్స్ నుంచి బిల్డ్ చేయాలంటే రస్ట్ కంపైలర్ కూడా కావాలి. దానికి దాదాపు అన్ని చోట్లా వీల్స్ ఉన్నాయి కాబట్టి, బిల్డ్ మొదలైందంటే ముందు మీ పిప్ వెర్షన్‌ను అనుమానించండి.

జాబితాలో లేని హెడర్ వస్తే ఊహించకండి, ఏ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో చెప్పే ఆప్ట్-ఫైల్‌ను అడగండి.

`సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆప్ట్-ఫైల్`
`సుడో ఆప్ట్-ఫైల్ అప్‌డేట్`
`ఆప్ట్-ఫైల్ సెర్చ్ /పోర్ట్‌ఆడియో.హెచ్`

పేరు ముందు ఆ అడ్డగీత ఉండాలి. లేకపోతే ఆ పేరుతో ముగిసే వేరే ఫైళ్లు కూడా వచ్చి పడతాయి. ఫలితాలు చాలా వస్తే ఇలా వడకట్టండి:

- దారి /యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్‌తో మొదలవ్వాలి
- ప్యాకేజీ పేరు "-డెవ్"తో ముగియాలి
- వేరే ప్రాసెసర్ల కోసం, విండోస్ కోసం ఉన్న క్రాస్ కంపైలర్ ప్యాకేజీలను వదిలేయాలి

## 6. ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా: పైథాన్-ఎల్డ్యాప్

కంపెనీ లాగిన్ సర్వర్లతో మాట్లాడే ఈ ప్యాకేజీ దాదాపు ప్రతివాళ్లనూ ఒకసారైనా ఆపుతుంది. ఏమీ లేని ఉబుంటు మీద సాధారణంగా వరుస ఇలా ఉంటుంది.

మొదటి ప్రయత్నంలో జీసీసీ లేదని ఆగుతుంది. బిల్డ్-ఎసెన్షియల్ వేస్తారు.

మళ్లీ నడిపితే పైథాన్.హెచ్ లేదంటుంది. వెర్షన్ సరిచూసి పైథాన్3-డెవ్ వేస్తారు.

ఇప్పుడు ఎల్‌బీఈఆర్.హెచ్ లేదంటుంది. ఆ పేరు చూసి ఎల్డ్యాప్ గుర్తుకురావడం కష్టం. ఆప్ట్-ఫైల్ వెంటనే ఓపెన్‌ఎల్డ్యాప్ హెడర్ల ప్యాకేజీ చూపిస్తుంది: లిబ్‌ఎల్డ్యాప్-డెవ్ (పాత ఉబుంటుల్లో లిబ్‌ఎల్డ్యాప్2-డెవ్).

అది వేశాక సాసల్.హెచ్ లేదంటుంది. లిబ్‌సాసల్2-డెవ్ వేస్తారు. ఇక బిల్డ్ అవుతుంది.

ఈ మధ్యలోనే చాలామంది "ఏం చేసినా అదే ఎర్రర్" అని టెన్షన్ పడి వదిలేస్తారు. అది అదే ఎర్రర్ కాదు. ఫైలు పేరు మారింది, అంటే కిందటి అడ్డంకి తీరింది. ప్రతి ప్రయత్నం తర్వాత పేరు మారిందా లేదా అన్నది ఒక్కటే చూడండి. మారితే సరైన దారిలో ఉన్నారు. మారకపోతే మీరు వేసిన ప్యాకేజీ తప్పైనా అయి ఉండాలి, బిల్డ్ వేరే పైథాన్‌తోనైనా జరుగుతుండాలి.

ఫెయిలైన బిల్డ్‌ను పిప్ దాచిపెట్టుకోదు. కాబట్టి ప్రతిసారీ క్యాషే తుడవక్కర్లేదు, కమాండ్ మళ్లీ నడిపితే చాలు.

## 7. ఏ డెవ్ ప్యాకేజీలోనూ లేని హెడర్లు

కొన్ని హెడర్ల కోసం ఆప్ట్‌తో ఎంత వెతికినా ఫలితం ఉండదు. ఎందుకంటే లోపం మీ మెషీన్‌లో లేదు.

లాంగ్‌ఇంట్‌రెప్ర్.హెచ్. పైథాన్ 3.11లో ఈ ఫైలును లోపలి సీపైథాన్ ఫోల్డర్లోకి మార్చారు. పాత సైథాన్‌తో (పైథాన్ కోడ్‌ను సీ కోడ్‌గా మార్చే టూల్) తయారైన సీ కోడ్ ఉన్న ప్యాకేజీలు దాన్ని పాత చోటే వెతుక్కుని ఆగిపోతాయి. ఆ ప్యాకేజీ కొత్త వెర్షన్ వేయండి. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో పాత వెర్షన్ బిగించి ఉండి మార్చలేని పరిస్థితైతే పైథాన్ 3.10తో ఎన్విరాన్‌మెంట్ చేసుకోండి.

ఎక్స్‌లొకేల్.హెచ్. 2017లో జీలిబ్‌సీ 2.26 దీన్ని తీసేసింది. ఇది కనిపించిందంటే మీరు వేస్తున్నది ఏళ్లనాటి వెర్షన్ అని అర్థం. మందు అదే, కొత్త వెర్షన్.

ఈ రెండింటికీ నెట్‌లో ఒక చిట్కా తిరుగుతుంటుంది: వేరే హెడర్‌కు ఆ పేరుతో సిమ్‌లింక్ (ఒక ఫైలును ఇంకో పేరుతో చూపించే లింకు) పెట్టమని. పెట్టకండి. కంపైల్ అయినా, తర్వాత ఆ మెషీన్ మీద ఇంకేదైనా చెడితే కారణం ఎవరికీ అంతుపట్టదు.

నంపై/అర్రేఆబ్జెక్ట్.హెచ్. ఇది నంపై ప్యాకేజీతోనే వచ్చే హెడర్. "నంపై ఉంది, ఇంపోర్ట్ కూడా అవుతోంది" అంటారా? పిప్ బిల్డ్ చేసేటప్పుడు విడిగా ఒక తాత్కాలిక ఎన్విరాన్‌మెంట్ చేసుకుంటుంది. మీ నంపై దానికి కనబడదు. ప్యాకేజీ తయారుచేసినవాళ్లు తమ పైప్రాజెక్ట్ ఫైల్లో నంపై కావాలని రాయకపోతే ఈ ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఇలా చేయండి:

`పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ నంపై సెటప్‌టూల్స్ వీల్ సైథాన్`
`పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --నో-బిల్డ్-ఐసోలేషన్ ప్యాకేజీ-పేరు`

## 8. ఫైలు డిస్క్ మీద ఉన్నా దొరకలేదంటే

ఇది ఎక్కువగా మ్యాక్ వాళ్ల సమస్య. ముందు ఆపిల్ కమాండ్ లైన్ టూల్స్ ఉన్నాయో లేదో చూడండి:

`ఎక్స్‌కోడ్-సెలెక్ట్ --ఇన్‌స్టాల్`

మ్యాక్ఓఎస్‌ను అప్‌గ్రేడ్ చేశాక ఈ టూల్స్ పనిచేయకుండా పోయి, నిన్నటి దాకా అయిన బిల్డ్ ఇవాళ ఆగడం మామూలే. అదే కమాండ్ మళ్లీ నడపండి.

హోమ్‌బ్రూ (మ్యాక్‌కు ప్యాకేజీ టూల్) ఎం సిరీస్ చిప్‌లున్న మ్యాక్‌లలో /ఆప్ట్/హోమ్‌బ్రూ (ఇక్కడ ఆప్ట్ అంటే ఓ-పీ-టీ) కింద, ఇంటెల్ మ్యాక్‌లలో /యూఎస్ఆర్/లోకల్ కింద ఫైళ్లు పెడుతుంది. మొదటి చోటు కంపైలర్ తనంతట తాను వెతికే జాబితాలో ఉండదు. దారి మీరే చెప్పాలి. పోర్ట్‌ఆడియోతో చూద్దాం. ఇక్కడ సీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్, -ఐ, -ఎల్ నాలుగూ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి:

`బ్రూ ఇన్‌స్టాల్ పోర్ట్‌ఆడియో`
`ఎక్స్‌పోర్ట్ సీఫ్లాగ్స్="-ఐ$(బ్రూ --ప్రిఫిక్స్ పోర్ట్‌ఆడియో)/ఇన్‌క్లూడ్"`
`ఎక్స్‌పోర్ట్ ఎల్‌డీఫ్లాగ్స్="-ఎల్$(బ్రూ --ప్రిఫిక్స్ పోర్ట్‌ఆడియో)/లిబ్"`

తర్వాత అదే టెర్మినల్ విండోలో పిప్ నడపండి. కొత్త విండో తెరిస్తే ఇవి పోతాయి. సుడో పెట్టినా సాధారణంగా ఇవి లోపలికి వెళ్లవు.

హెడర్ దొరికి, చివర్లో "ఎల్‌డీ: కెనాట్ ఫైండ్ -ఎల్‌పీక్యూ" లాంటిది వస్తే లింకర్‌కు (కంపైలైన కోడ్‌ను లైబ్రరీలతో కలిపేది) లైబ్రరీ దొరకలేదు. మ్యాక్‌లో అయితే ఎల్‌డీఫ్లాగ్స్ సరిచూడండి. ఉబుంటులో అదే డెవ్ ప్యాకేజీ దీనికీ సరిపోతుంది.

## 9. మిగతా సిస్టమ్‌లు, క్లుప్తంగా

ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబం: "-డెవ్" బదులు "-డెవెల్". జీసీసీ, పైథాన్3-డెవెల్, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవెల్, ఓపెన్‌ఎస్ఎస్ఎల్-డెవెల్, ఓపెన్‌ఎల్డ్యాప్-డెవెల్. హెడర్‌తో వెతకడానికి: `డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్ '*/ఎఫ్ఎఫ్ఐ.హెచ్'`

ఆల్పైన్: `ఏపీకే యాడ్ బిల్డ్-బేస్ పైథాన్3-డెవ్`. జీసీసీ ఒక్కటే వేస్తే ఎస్‌టీడీఐఓ.హెచ్ కూడా ఉండదు, అది మజిల్-డెవ్‌లో ఉంటుంది. బిల్డ్-బేస్ దాన్నీ తెస్తుంది.

విండోస్: "మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 14.0 ఆర్ గ్రేటర్ ఈజ్ రిక్వైర్డ్" అంటే విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ దించి, అందులో సీ++ డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ ఎంచుకోవాలి. ఐఓ.హెచ్ లేదంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ ఎస్‌డీకే టిక్ తీసేశారన్నమాట. చాలా జీబీల డౌన్‌లోడ్ ఇది, ముందు 3వ భాగం పూర్తిగా ప్రయత్నించండి.

## 10. డాకర్‌లో జరిగే రెండు పొరపాట్లు

డాకర్ అంటే ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి ఒక ఇమేజ్‌గా కట్టి నడిపే టూల్. అధికారిక పైథాన్ ఇమేజ్‌లలో పైథాన్‌ను సోర్స్ నుంచి కట్టి /యూఎస్ఆర్/లోకల్ కింద పెడతారు. హెడర్లు అక్కడే ఉంటాయి. అందులో ఆప్ట్‌తో పైథాన్3-డెవ్ వేస్తే డెబియన్ వాళ్ల ఇంకో పైథాన్ దిగుతుంది. ఇమేజ్ బరువు పెరుగుతుంది, మీ పిప్‌కు ఒరిగేదేమీ ఉండదు. స్లిమ్ (చిన్న సైజు) ఇమేజ్‌లో లేనిది కంపైలర్, లైబ్రరీల డెవ్ ప్యాకేజీలు. అవే వేయండి.

రెండోది, రెండు దశల బిల్డ్‌లో జరుగుతుంది. మొదటి దశలో లిబ్‌పీక్యూ-డెవ్‌తో సైకోపీజీ2 చక్కగా బిల్డ్ అవుతుంది. దాన్ని ఖాళీ స్లిమ్ ఇమేజ్‌లోకి కాపీ చేస్తారు. నడిపితే "ఇంపోర్ట్ ఎర్రర్: లిబ్‌పీక్యూ.ఎస్ఓ.5" అని వస్తుంది. రెండో దశకు హెడర్లు వద్దు గానీ లైబ్రరీ కావాలి. అక్కడ లిబ్‌పీక్యూ5 వేయండి.

ఇంపోర్ట్ చేయగానే ఎస్ఓ ఫైలు (నడిచేటప్పుడు కావాల్సిన లైబ్రరీ ఫైలు) లేదని వస్తే, ఏది తక్కువైందో ఎల్‌డీడీ చెబుతుంది. సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్లో ఆ ప్యాకేజీ ఎస్ఓ ఫైలు మీద ఎల్‌డీడీ నడిపి "నాట్ ఫౌండ్" అన్న లైన్లు చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ తర్వాత ఇలా జరిగితే, పిప్ క్యాషేలో ఉన్న పాత వీల్ మళ్లీ దిగకుండా ఇలా వేయండి:

`పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --ఫోర్స్-రీఇన్‌స్టాల్ --నో-క్యాష్-డిర్ ప్యాకేజీ-పేరు`

## 11. ఇంకా ఆగితే, ఎవరినైనా అడిగే ముందు

- మొదటి ఫేటల్ ఎర్రర్ లైను, దానికి పైన ఓ ఇరవై లైన్లు (స్క్రీన్‌షాట్ కాదు, టెక్స్ట్)
- 1వ భాగంలో రాసుకున్న వివరాలన్నీ
- మీరు ఇప్పటికే వేసిన డెవ్ ప్యాకేజీల పేర్లు
- వేయబోయిన ప్యాకేజీ కచ్చితమైన వెర్షన్
- లాగ్‌లో మీ కంపెనీ ప్యాకేజీ సర్వర్ అడ్రస్, టోకెన్, పాస్‌వర్డ్ ఉంటే తీసేయండి. -వీ పెట్టి తీసిన లాగ్‌లో సర్వర్ అడ్రస్‌లు తప్పకుండా ఉంటాయి.